బుజు బాంటన్ తొలి పాటలు, మాటకు జవాబుదారీ

బుజు బాంటన్ అసలు పేరు మార్క్ ఆంథొనీ మైరీ. 1973 జులై 15న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, సాల్ట్ లేన్ అనే పేదల వాడలో పుట్టాడు. పదిహేను మంది పిల్లల్లో ఆఖరివాడు. తల్లి వీధుల్లో సరుకులు అమ్మేది, తండ్రి టైల్స్ ఫ్యాక్టరీలో కూలీ. పసితనంలో బొద్దుగా ఉండేవాడని తల్లి పెట్టిన ముద్దుపేరు బుజు. బరో బాంటన్ అనే బొంగురు గొంతు గాయకుడి మీద అభిమానంతో తనకు తాను తగిలించుకున్నది బాంటన్. పన్నెండు పదమూడేళ్లకు మైకు పట్టాడు. 1987లో తొలి రికార్డు వచ్చింది. 1992 నాటికి దేశంలో అతని పాట మోగని వీధి లేదు. 1995లో, రాస్తఫారి మతం పుచ్చుకున్నాక, ‘టిల్ షైలో’ ఆల్బమ్ వెలువడింది. ఎనిమిది తొమ్మిదేళ్ల ఈ తొలి దశలో అతను పాడిన పాటల్లో కొన్నింటిని తర్వాతి పాటలు ఖండించాయి. ఒకదాన్ని మాత్రం ఖండించలేదు. నమ్మకం మార్చుకున్న మనిషి అంతకు ముందు తన నోట వచ్చిన మాటకు ఎంతవరకు బాధ్యుడు అన్న పాత ప్రశ్నను ఈ జీవితం బాగా ఇరుకున పెడుతుంది. అతను చేరిన మతం, పలికిన మాట ఊరికే పోదని, అది పని చేసి తీరుతుందని నమ్మే మతం కావడమే దానికి కారణం.

డాన్స్‌హాల్ పాటకు పుట్టిల్లు సౌండ్ సిస్టమ్. మనిషి ఎత్తున పేర్చిన స్పీకర్ పెట్టెలు, యాంప్లిఫయర్లు, టర్న్‌టేబుల్, ఒక మైకు ఉంటే చాలు. ఖాళీ జాగాలోనో ప్రహరీ ఉన్న పెరట్లోనో వాటిని నిలబెట్టి, గేటు దగ్గర టికెట్ పెట్టి, తెల్లవార్లూ ఆడిస్తారు. 1950ల నుంచి కింగ్‌స్టన్ పేదలకు సినిమా, క్లబ్బు, వార్తాపత్రిక అన్నీ ఇదే. రికార్డును ఎంచి వేసేవాడు సెలెక్టర్. ఆ రికార్డు మీద, పాట లేని వాద్యభాగం నడుస్తుండగా, లయకు తగ్గట్టు మాటలు అల్లేవాడు డీజే. మన పెళ్లి ఊరేగింపుల్లో డీజే అంటే వేరు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాలి: జమైకాలో డీజే నోటితో పనిచేసేవాడు. 1970లో యూ-రాయ్ అనే డీజే పాత పాటల మీద తన మాటలు కట్టి, డ్యూక్ రీడ్ స్టూడియోలో చేసిన రికార్డులు అక్కడి చార్టుల పైకెక్కాయి. అప్పటి నుంచి డీజేకి వాడల్లోనే గాక రేడియోలోనూ చోటు దొరికింది.

1985లో మరో మలుపు వచ్చింది. కింగ్ జామీ నిర్మాణంలో వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’కు ఆధారం కాసియో చిన్న కీబోర్డులో ముందే నింపి ఉన్న ఒక తాళం. డ్రమ్ములు, బేస్ గిటారు, వాయించేవాళ్లు, వాళ్లకు ఇచ్చే కూలి, ఏదీ అక్కర్లేకుండా పాట తయారవుతుందని అది చూపించింది. ఇలాంటి వాద్య నేపథ్యాన్ని అక్కడ రిడిమ్ అంటారు. ఒక రిడిమ్ హిట్టయితే పదిమంది, ఇరవైమంది గాయకులు దాని మీదే తలా ఒక పాట రికార్డు చేస్తారు. వాద్యం ఉమ్మడి ఆస్తి కాబట్టి డీజేది అని చెప్పుకోవడానికి మిగిలేది గొంతు, మాట. బాధ్యత ప్రశ్నకు ఇది అవసరమైన వివరం. సినిమా పాటలో తప్పు మాట దొర్లితే కవి, స్వరకర్త, నటుడు, నిర్మాత ఒకరి మీద ఒకరు నెట్టుకోవచ్చు. డీజేకి ఆ వెసులుబాటు లేదు.

అయితే ఆ మాట పూర్తిగా అతనొక్కడి సొత్తూ కాదు. రాత్రి సభలో డీజే ఒక పంక్తి విసురుతాడు. జనానికి నచ్చితే అరుస్తారు, గోడల్నీ రేకుల్నీ అరచేతులతో బాదుతారు, లైటర్లు వెలిగించి పైకెత్తుతారు. సెలెక్టర్ సూది ఎత్తేసి, రికార్డును వెనక్కి తిప్పి, పాటను మొదట్నుంచి అందుకుంటాడు. ఈ మెచ్చుకోలును ఫార్వర్డ్ అంటారు. కొన్ని చోట్ల గాల్లోకి తుపాకులు పేల్చేవాళ్లు, అదీ మెచ్చుకోలే. నచ్చకపోతే ఎవరూ తిట్టరు, కబుర్లు చెప్పుకుంటారు. పదమూడేళ్ల కుర్రాడికి అంతకన్నా అవమానం లేదు. బుజు రాంబో మాంగో, స్వీట్ లవ్ అనే సౌండ్ సిస్టమ్‌ల దగ్గర చదువుకున్న చదువు ఇదే: ఏ మాటకు జనం లేస్తారు, ఏ మాటకు లేవరు. ధర్మాధర్మాలు తూచే వయసు రాకముందే ఫార్వర్డ్ రుచి తెలిసినవాడి నోట వచ్చే మాటలో సగం పాలు ఆ జనానిది. ఇది బుజు తరఫున చెప్పగలిగిన మొదటి వాదన. బలమైనదే, కాకపోతే సగానికే సరిపోతుంది. ఫార్వర్డ్ వస్తుందని తెలిసి కూడా కొన్ని మాటలు అనని డీజేలు అదే వాడల్లో, అదే కాలంలో ఉన్నారు.

క్లెమెంట్ ఐరీ అనే తోటి కళాకారుడు బుజును నిర్మాత రాబర్ట్ ఫ్రెంచ్ దగ్గరికి తీసుకెళ్లాడు. 1987లో ‘ది రూలర్’ వచ్చింది. ఆ తర్వాత విన్‌స్టన్ రైలీ వంటి నిర్మాతలకు కొన్ని పాటలు చేశాడు. గొంతు ఇంకా పూర్తిగా ముదరలేదు. 1991లో డోనోవన్ జెర్మెయిన్ నడిపే పెంట్‌హౌస్ స్టూడియోలో చేరి, డేవ్ కెల్లీ కట్టే రిడిమ్‌ల మీద పాడటం మొదలుపెట్టేనాటికి ఆ గొంతు కంకరరాళ్ల మీద బండి చక్రం దొర్లినట్టు బరువుగా, గరుకుగా తయారైంది. 1992లో ‘మిస్టర్ మెన్షన్’ ఆల్బమ్ వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో జమైకా చార్టుల్లో నంబర్ వన్‌కు చేరిన పాటల సంఖ్యలో అతను బాబ్ మార్లే రికార్డును దాటాడు. అప్పటికి అతని వయసు పంతొమ్మిది.

ఆ పాటల్లో ఏముంది? ఆడవాళ్ల ఒంటి వర్ణన, మగతనపు గొప్పలు, శత్రువులకు హెచ్చరికలు. జమైకాలో దీన్ని స్లాక్‌నెస్ అంటారు. దానికి ఎదురుగా దేవుడు, ఆఫ్రికా, అణచివేత గురించి పాడేదాన్ని కల్చర్ అంటారు. 1980లో రాజకీయ ముఠాల కాల్పుల్లో ఎనిమిది వందల మందికి పైగా చనిపోయిన ఎన్నికలు, 1981లో మార్లే మరణం, ఈ రెండింటి తర్వాత కల్చర్ వెనక్కి తగ్గి, ఎల్లోమ్యాన్ వంటి డీజేలతో స్లాక్‌నెస్ ముందుకొచ్చిందని సంగీత చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. విముక్తి గురించి పాడి అలసిన సమాజం ఒళ్లు మరిచి ఆడుకోవాలనుకుందన్నమాట. ఈ రెండు గదుల విభజన వినడానికి శుభ్రంగా ఉంటుంది గానీ, గాయకులు ఒకే రాత్రి రెండు గదుల్లోకీ వెళ్లివచ్చేవాళ్లు.

స్లాక్‌నెస్ పక్షాన మాట్లాడిన పండితుల్లో ముఖ్యురాలు వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించిన కారొలిన్ కూపర్. 1993లో వచ్చిన ‘నాయిజెస్ ఇన్ ద బ్లడ్’ గ్రంథంలో, ఆ తర్వాతి రచనల్లో ఆమె చేసిన వాదన సారం ఇది: పెద్దమనుషుల మర్యాదను, చర్చి నీతిని, ఇంగ్లిషు చదువుల గొప్పను వెక్కిరించడానికి కింది వర్గాలకు దొరికిన భాష డాన్స్‌హాల్. అందులోని తుపాకీ చాలాసార్లు మాటల తుపాకీ, పురుషత్వపు నాటకంలో ఒక సామగ్రి. బయటివాళ్లు దాన్ని అక్షరాలా చదివి బెంబేలెత్తుతున్నారు. వేదిక మీది డీజే ఒక పాత్ర, పాత్ర మాటను నటుడికి అంటగట్టకూడదు. ఈ వాదనలో పస ఉంది. వీధి భాగవతంలో కంసుడి వేషం కట్టినవాణ్ని ఎవరూ పోలీసులకు పట్టివ్వరు.

అయితే బుజు విషయంలో ఈ వాదన ఎక్కడిదాకా నిలుస్తుందో చూడటానికి 1992లోనే ఒక చిన్న ఉదంతం దొరుకుతుంది. ‘లవ్ మీ బ్రౌనింగ్’ అనే పాటలో అతను లేతరంగు చర్మమున్న అమ్మాయిల మీద తన ఇష్టాన్ని చాటాడు. తోటల యజమానుల కాలం నుంచి చర్మపు ఛాయను బట్టి మనిషికి విలువ కట్టిన దేశం జమైకా. నల్లటి స్త్రీలు ఆ పాటను తమను కించపరిచినట్టుగా తీసుకున్నారు, బహిరంగంగా మండిపడ్డారు. అదంతా ఒక పాత్ర నోటి మాట అని బుజు తప్పుకోలేదు. వెంటనే నల్లని స్త్రీని కీర్తిస్తూ ‘లవ్ బ్లాక్ వుమన్’ పాడాడు. వ్యాపార తెలివి ఇందులో లేదనలేం, రెండు పాటలూ బాగా అమ్ముడయ్యాయి. అయినా జరిగిన పని స్పష్టం: నొచ్చుకున్నవాళ్లు ఎదురుగా నిలబడి అడిగారు, గాయకుడు మాటకు మాటతోనే బదులు తీర్చాడు. తన మాటలు తనవేనని, అవి మనుషులకు తగులుతాయని అతను ఒప్పుకున్న తొలి సందర్భం అదే. అలా అడగగలిగిన స్థితిలో ఆ స్త్రీలు ఉన్నారన్నది కూడా గమనించాలి. వాళ్లు అతని వినియోగదారులు, అతని వాడవాళ్లు, అతని అక్కచెల్లెళ్లు.

అడగగలిగిన స్థితిలో లేనివాళ్ల మీద కూడా అతనిదొక పాట ఉంది. ‘బూమ్ బై బై’ స్వలింగ సంపర్కులైన మగవాళ్లను తుపాకీతో కాల్చడాన్ని గొప్పగా చెప్పే పాట. ఒక మగవాడు ఓ బాలుడిపై చేసిన అత్యాచారం దేశంలో పెద్ద వార్త అయినప్పుడు, పదిహేనేళ్ల వయసులో దాన్ని రాశానని బుజు తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. 1992లో ‘ఫ్లెక్స్’ అనే రిడిమ్ మీద అది కొత్తగా విడుదలై సముద్రాలు దాటింది. న్యూయార్క్‌లో స్వలింగ సంపర్కుల సంఘాలు నిరసన తెలిపాయి, అక్కడి పత్రికలు అందుకున్నాయి. వోమాడ్ సంగీతోత్సవం అతన్ని జాబితాలోంచి తీసేసింది.

ఈ పాట మీద జరిగిన వాదాల్లో ఒక గందరగోళం చివరిదాకా కనిపిస్తుంది. సమర్థకులు పదిహేనేళ్ల కుర్రాణ్ని చూపిస్తారు, విమర్శకులు అంతర్జాతీయ తారను చూపిస్తారు. నిజానికి ఇక్కడ మూడు వేరువేరు పనులున్నాయి. మొదటిది, వాడలో అందరూ అనుకునే మాటకు ఆవేశపడ్డ ఒక బాలుడు పాట కట్టడం. అందులో బాలుడి పాలు తక్కువ, వాడ పాలు ఎక్కువ. రెండోది, పంతొమ్మిదేళ్ల యువకుడి పేరు మీద ఆ పాట మళ్లీ మార్కెట్లోకి రావడం. ఇక్కడ నిర్మాతల లాభం కలుస్తుంది, యువకుడి అంగీకారమూ కలుస్తుంది. మూడోది, దాని ఫలితం ఏమిటో పత్రికల్లో చదివి, నిరసనలు చూసి, విదేశీ వేదికలు పోగొట్టుకున్నాక కూడా, ఆ తర్వాతి ఏళ్లలో జనం కోరితే దాన్ని వేదిక మీద అందుకోవడం. వయసు, అజ్ఞానం, పేదరికం మొదటి పనికి క్షమాపణ పత్రాలుగా పనికొస్తాయి. మూడోదానికి పనికిరావు. మాటకు బాధ్యత అనేది అన్న క్షణంతో తీరిపోయే లెక్క కాదు గనుక, తొలినాళ్ల పాటను తొలినాళ్లలోనే వదిలేసి తీర్పు చెప్పడం కుదరదు.

1992లో బుజు ఇచ్చిన వివరణలో మతం ముందుకొచ్చింది. హింసను ప్రోత్సహించడం తన ఉద్దేశం కాదని, అయితే స్వలింగ సంపర్కం తన మత విశ్వాసానికి విరుద్ధమని అన్నాడు. అదే ఏడాది డిసెంబరులో షాబా ర్యాంక్స్, అప్పటికి డాన్స్‌హాల్‌లో అందరికన్నా పెద్ద పేరు, బ్రిటన్ చానెల్ ఫోర్ టీవీలో ‘ది వర్డ్’ కార్యక్రమానికి వచ్చాడు. బుజు పాట గురించి అడిగితే బైబిల్ ప్రతిని చూపుతూ, అలాంటివాళ్లకు సిలువే శిక్ష అన్నాడు. వ్యాఖ్యాత మార్క్ లమార్ అక్కడికక్కడే కెమెరా ముందు గట్టిగా ఖండించాడు. షాబా అమెరికా టీవీ అవకాశాలు చేజారాయి. ఆ దృశ్యంలో తమాషా ఏమిటంటే, ఆదివారం చర్చికి వెళ్లే జమైకా పెద్దమనుషులు డాన్స్‌హాల్‌ను పాపపు సంగీతమని తిడుతుంటారు. స్లాక్‌నెస్ తారేమో వాళ్ల గ్రంథాన్నే చేతబట్టుకుని, వాళ్లు ఒప్పుకునే మాటే చెబుతున్నాడు. మర్యాద మీద తిరుగుబాటు అని కూపర్ పేర్కొన్న భాష, ఈ ఒక్క విషయంలో మర్యాదకు గుమస్తాగిరీ చేసింది. మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే అక్కడి చట్టం కూడా 1864లో బ్రిటిష్ పాలనలో చేసినదే. భారత శిక్షాస్మృతిలో 1860 నాటి 377వ సెక్షన్ దానికి అన్న. వలస పాలకుడి చట్టాన్ని వలస వ్యతిరేక సంగీతం కాపలా కాయడం వింతగానే ఉంటుంది.

1993 అక్టోబరులో పాన్‌హెడ్ అనే యువ డీజేని కాల్చి చంపారు. డిసెంబరులో డర్ట్స్‌మ్యాన్ అదే విధంగా పోయాడు. ఇద్దరూ బుజు ఎరిగినవాళ్లు. పాన్‌హెడ్ చావు తర్వాత ‘మర్డరర్’ పాట వచ్చింది. ఒళ్లు జలదరించే పాట అది. హంతకుడితో నేరుగా మాట్లాడుతుంది. మనుషుల కంటి నుంచి తప్పించుకున్నా లోపలి నేరభావం నుంచి ఎక్కడికి పోతావని అడుగుతుంది. బైబిల్లో కయీను కథను తలపించే ఈ ప్రశ్నతో డాన్స్‌హాల్ తన తుపాకీని తనవైపే తిప్పుకున్నట్టయింది. అదే ఏడాది వచ్చిన ‘వాయిస్ ఆఫ్ జమైకా’ ఆల్బమ్‌లో కండోమ్ వాడకాన్ని ప్రోత్సహించే ‘విల్లీ’ ఉంది. దాని ఆదాయాన్ని ఎయిడ్స్ బాధిత పిల్లల కోసం కేటాయించాడు. విదేశాల్లో విర్రవీగి, ఇంటికి పైసా పంపక, చివరికి గెంటివేతకు గురై తిరిగొచ్చినవాళ్ల గురించి ‘డిపోర్టీస్’ ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడిలో నీతి చింతన మొదలైందనడానికి మతమార్పిడి దాకా ఆగనక్కర్లేదు.

ఆ మార్పిడికి నేపథ్యం కూడా ఉంది. టోనీ రెబెల్, గార్నెట్ సిల్క్ వంటివాళ్లు డాన్స్‌హాల్ రిడిమ్‌ల మీదే రాస్తఫారి భక్తిని పాడుతూ కల్చర్‌ను తిరిగి తెచ్చారు. సిల్క్ 1994 డిసెంబరులో మాండెవిల్‌లోని ఇంట్లో అగ్నిప్రమాదంలో తల్లితో పాటు చనిపోయాడు. ఆ ఖాళీలోకి గొంతులు కావాలి. బుజు జుట్టు జడలు కట్టింది, మాంసం మానేశాడు, రాస్తా అయ్యాడు.

రాస్తఫారి 1930లో హైలే సెలాసీ ఇథియోపియా చక్రవర్తిగా కిరీటం ధరించిన తర్వాత జమైకా పేదల్లో పుట్టిన మతం. సెలాసీలో దైవాన్ని చూసింది, ఆఫ్రికాను స్వస్థలంగా, పడమటి ప్రపంచాన్ని బాబిలోనుగా చూసింది. ఒకే పీఠం, ఒకే మతాధిపతి లేరు. నయాబింగి, బోబో అషాంతి, ట్వెల్వ్ ట్రైబ్స్ వంటి శాఖలున్నాయి. బైబిల్ అందరూ చదువుతారు, తమ కళ్లతో చదువుతారు. మాట, ధ్వని, శక్తి మూడూ ఒక్కటేనని రాస్తాల నమ్మకం. పలుకు గాలిలో కలిసిపోయే శబ్దం కాదు, సృష్టించగలదు, చెరపగలదు. అందుకే వాళ్లు బానిసత్వం అంటించిందనుకున్న ఇంగ్లిషు పదాలను విరిచి కొత్తగా పోతపోసుకున్నారు. నయాబింగి సభల్లో డోళ్లతో గంటల తరబడి సాగే కీర్తన బాబిలోను గోడల మీద పడే దెబ్బ అని వాళ్లు అక్షరాలా అనుకుంటారు. మంత్రం, శాపం, ఆశీర్వచనం ఎరిగిన సమాజాలకు ఇది కొత్త సంగతి కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పాట ఒక నాటకం, డీజే ఒక వేషం అన్న వాదన లౌకికుడికి అక్కరకొస్తుంది. రాస్తాకు రాదు. పలుకు పని చేస్తుందని నమ్మినవాడు, తను నిన్న పలికిన కీడు కూడా పని చేస్తూనే ఉందని ఒప్పుకోవాలి. మతమార్పిడి పాత మాటల బరువు దించుతుందని సాధారణంగా అనుకుంటాం. బుజు చేరిన మతం తన సొంత సిద్ధాంతం వల్లే ఆ బరువును పెంచింది. మత్తయి సువార్త పన్నెండో అధ్యాయంలో, మనిషి పలికిన ప్రతి వ్యర్థమైన మాటకూ విమర్శ దినాన లెక్క చెప్పాలని ఉంది. యాకోబు పత్రిక నాలుకను అడవిని తగలబెట్టే చిన్న నిప్పుతో పోల్చింది. రాస్తాల జడలకు ఆధారమైన నాజీరు వ్రతం సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలో ఉంది: వ్రతం నడిచినన్నాళ్లు తల మీద కత్తి పడకూడదు, ద్రాక్షారసం తాగకూడదు, శవాన్ని తాకకూడదు. మధ్యలో మైల తగిలితే తల గొరిగించుకుని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, అంతకు ముందు వ్రతంలో గడిపిన దినాలు లెక్కలోకి రావు. అంటే మైల వల్ల పాత పుణ్యదినాలు కొట్టుకుపోతాయని శాసనం స్పష్టంగా చెబుతోంది. వ్రతం పట్టడం వల్ల పాత మైలదినాలు కొట్టుకుపోతాయని మాత్రం ఎక్కడా అనలేదు.

1995 జులైలో వచ్చిన ‘టిల్ షైలో’ పేరు ఆదికాండము 49వ అధ్యాయంలో యాకోబు యూదాకిచ్చిన దీవెన నుంచి వచ్చింది. అందులో ‘అన్‌టోల్డ్ స్టోరీస్’ దాదాపు ఒంటరి గిటారు మీద నడుస్తుంది. పేదవాడి దైనందిన కష్టాన్ని డీజే ఉరుము లేకుండా, అలసిన మనిషి మాట్లాడుకున్నట్టు పాడతాడు. ‘టిల్ ఐయామ్ లెయిడ్ టు రెస్ట్’లో ఆఫ్రికా కోసం తపన ఉంది. ‘మర్డరర్’ కూడా ఈ ఆల్బమ్‌లో చేరింది. ఆడవాళ్ల ముందు డాబు కొట్టే ‘చాంపియన్’ కూడా ఇందులోనే ఉంది. దీన్ని కపటమనడం తొందరపాటు. ఒక్క రాత్రిలో మొత్తం మారిపోయిన మనుషులు భక్తుల చరిత్రల్లో ఉంటారు, ఆల్బముల్లో ఉండరు. అయితే ఈ ఆల్బమ్‌ను విన్నవాళ్లు దాని బలం ఎక్కడుందని చెప్పారో గమనించాలి: ఇది వేషం కాదు, మనిషే పాడుతున్నాడు, గుండెలోంచి వచ్చింది అన్నారు. ‘అన్‌టోల్డ్ స్టోరీస్’ మనిషి గొంతైతే ‘బూమ్ బై బై’ వేషగాడి గొంతు ఎలా అవుతుంది? మంచి పాటకు ముఖం, చెడ్డ పాటకు ముసుగు అని పంచుకోవడం అభిమానులకు సౌకర్యంగా ఉంటుందే తప్ప, తర్కానికి నిలవదు. రెండూ ముఖాలే కావాలి, లేదా రెండూ ముసుగులే కావాలి.

ఇక్కడ ఒక ఖాళీ ఉంది. మతమార్పిడి తర్వాత బుజు స్లాక్‌నెస్‌ను తగ్గించాడు. తుపాకీని తిట్టాడు. చర్మపు రంగు మాటను ఎప్పుడో సరిదిద్దుకున్నాడు. స్వలింగ సంపర్కుల మీద పాడినదాన్ని మాత్రం కదపలేదు. కారణం వెతకడం కష్టం కాదు. కొత్త మతానికి కూడా ఆ విషయంలో పాత చర్చితో పేచీ లేదు. బాబిలోను చట్టాలన్నింటినీ ధిక్కరించిన రాస్తాల్లో అత్యధికులు ఆ ఒక్క చట్టాన్ని దేవుడి చట్టమే అనుకున్నారు. పశ్చాత్తాపానికి వేలు పెట్టి చూపేవాడొకడు కావాలి, ఇది తప్పు అని. బుజు చుట్టూ ఉన్న సమాజంలోగానీ, గుడిలోగానీ అలా చూపినవాడు లేడు. హంతకుడి మనస్సాక్షిని అంత నిశితంగా ప్రశ్నించిన ‘మర్డరర్’ రచయిత, కాల్చండి అన్న తన పాత పాటకు అదే ప్రశ్న వేయకపోవడానికి తెలివి తక్కువ కాలేదు. చచ్చినవాళ్లలో ఎవరు తనవాళ్లు అన్నదాని మీద మనస్సాక్షి ఎంత దూరం వెళుతుందన్నది ఆధారపడింది. పాన్‌హెడ్ తనవాడు.

తొలి రచనను ఏం చేయాలన్నది ఒక్క జమైకా సమస్య కాదు. క్రైస్తవంలో దీనికి ప్రసిద్ధ ఉదాహరణ అగస్టీన్. యవ్వనపు భోగాలను ‘కన్ఫెషన్స్’లో దాచకుండా రాసుకున్న ఆయన, బతుకు చివర్లో, 427 ప్రాంతంలో, తన తొంభై మూడు రచనలను ఒక్కొక్కటిగా తిరగేసి, ఎక్కడెక్కడ తప్పుపట్టాలో తనే రాసిపెట్టాడు. దేన్నీ తగలబెట్టలేదు. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ పోతన పేరుతో ఉన్న భోగినీ దండకం. భాగవతం రాసిన చేత్తో, పడుచుదనంలో రాచకొలువు కోసం శృంగార దండకం రాశాడా అని ఇబ్బందిపడి, అది పోతనది కాదని నిరూపించబూనిన పండితులున్నారు. కర్తృత్వం మీద వాళ్లు చూపే కారణాలు వేరే చర్చ. ఆ ఇబ్బంది మాత్రం గమనించదగ్గది: భక్తుడికి భక్తుడు కాని గతం ఉండకూడదన్న కోరిక అందులో ఉంది. అగస్టీన్ పద్ధతి అందుకు పూర్తిగా ఎదురు. గతం తనదేనని ఒప్పుకుంటేనే దాన్ని తప్పుపట్టే హక్కు వస్తుంది. అది నాది కాదు అన్నవాడు దాన్ని సరిదిద్దలేడు కూడా. అయితే దండకంతో నొచ్చినవాళ్లెవరూ లేరు, ఈ పాటతో ఉన్నారు. పోలిక అక్కడితో ఆగాలి.

తర్వాతి కథను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1998లో జమైకాలో స్వలింగ సంపర్కుల హక్కుల కోసం జె-ఫ్లాగ్ అనే సంస్థ మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన బ్రయన్ విలియమ్సన్ 2004 జూన్‌లో కింగ్‌స్టన్‌లోని తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. ఆ హత్యకూ ఏ పాటకూ నేరుగా ముడిపెట్టలేం. అయితే ఇలాంటి చావుల మధ్య ఆ పాట ఇంకా మోగుతోందన్నది వాస్తవం. అప్పటికే బ్రిటన్‌లో పీటర్ టాచెల్, అతని సహచరులు ఇలాంటి పాటలు పాడేవాళ్ల కచేరీలను అడ్డుకునే ఉద్యమం నడుపుతున్నారు. 2007లో కొందరు గాయకులు ద్వేషపు పాటలు పాడబోమని ఒక ఒప్పందం మీద సంతకం చేశారని, వారిలో బుజు ఉన్నాడని ఉద్యమకారులు ప్రకటించారు. తను అలాంటి మాటేమీ ఇవ్వలేదని బుజు ఆ తర్వాత అన్నాడు. కచేరీలు పోతాయన్న ఒత్తిడిలో పుట్టిన పశ్చాత్తాపం నిజమైనదేనా అని అప్పుడు చాలామంది అడిగారు. బ్రౌనింగ్ పాటను సరిదిద్దుకున్నప్పుడు కూడా ఒత్తిడే పనిచేసింది, అప్పుడెవరూ ఇలా అడగలేదు. తేడా ఒక్కటే, అప్పటి ఒత్తిడి సొంత జనం నుంచి వచ్చింది, ఇప్పటిది విదేశాల నుంచి. బయటివాడు చెప్పిన నీతిని ఒప్పుకోవడం లొంగిపోవడంగా కనిపిస్తుంది, ఆ నీతి సరైనదే అయినా. మూడు వందల ఏళ్ల ఇంగ్లిషు పాలన చూసిన దీవిలో ఈ మొండితనానికి చరిత్ర ఉంది.

మాదకద్రవ్యాల కేసులో అమెరికాలో జైలుశిక్ష అనుభవించి, బుజు 2018 డిసెంబరులో విడుదలయ్యాడు. 2019 మార్చి 16న కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో పెద్ద కచేరీ చేశాడు. అదే నెలలో ప్రకటన ఇచ్చాడు: ఆ పాటను పాడటం ఎప్పుడో మానేశానని, తన అధీనంలో ఉన్న అన్ని వేదికల నుంచి దాన్ని తొలగించానని, దానివల్ల ఎంతో బాధ కలిగిందని గుర్తిస్తున్నానని, ఎవరికి నచ్చినట్టు వాళ్లు బతికే హక్కు అందరికీ ఉందని. పదిహేనేళ్ల వయసులో రాశాననుకుంటే, ఆ మాటకూ ఈ మాటకూ మధ్య దాదాపు మూడు దశాబ్దాలు. రాస్తా సిద్ధాంతం ప్రకారం చూస్తే రెండో పలుకు కూడా పలుకే, దానికీ శక్తి ఉంటుంది. 1992లో బ్రౌనింగ్ పాటకు బదులుగా మరో పాట వచ్చినట్టు ఇక్కడ రాలేదు. పాటకు బదులు వచ్చినది పత్రికా ప్రకటన. దాన్ని ఏ సెలెక్టరూ సూది వెనక్కి తిప్పి మళ్లీ వేయడు.